తెర మీద లావెక్కిన నెమలి

కుడి కంటికి ఆపరేషన్ అయిన పన్నెండో రోజు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. డాక్టరమ్మ పది రోజులు తెర చూడొద్దంది. నేను ఇంకో రెండు రోజులు ఎక్కువే ఆగాను. స్విచ్ వేసి నా నెమలి ఫైలు తెరిచాను.

నెమలి లావుగా ఉంది. మెడ పొట్టిదై, పొట్ట అటూ ఇటూ సాగిపోయి, నిండా మేసిన బాతులా ఉంది. గీతల అంచులు చెదిరినట్టున్నాయి. ఆపరేషన్‌కి ముందు ఆ నెమలిని నెల రోజులు కూర్చుని గీశాను. అప్పుడు ఇలా లేదు.

మాది చీరాల నుంచి పర్చూరు పోయే దారిలో ఒక పల్లె. చుట్టూ పత్తి, మిరప చేలు. మధ్యలో మా నేతగాళ్ళ వీధులు నాలుగు. మా ఆయన జకార్డు మగ్గం నేస్తాడు. నేను చీర అంచులకు డిజైన్లు గీస్తాను. పెళ్ళయిన కొత్తలో నూలు కండెలు చుట్టేదాన్ని. తర్వాత మా అత్తగారు గ్రాఫు కాగితం మీద గడులు నింపడం నేర్పింది. ఒక గడి అంటే ఒక పోగు. గడి నిండితే ఆ పోగు పైకి లేస్తుంది, ఖాళీగా ఉంటే కిందే ఉండిపోతుంది. ఆ లెక్క ప్రకారం అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గం మీద తిరుగుతుంటే అంచులో బొమ్మ పడుతుంది. చదువు రాకముందే నాకు ఈ పని వచ్చు.

చదువు నాకు నలభై ఆరో ఏట వచ్చింది. నేర్పింది మా తోడికోడలు. మా ఆఖరి మరిది భార్య. ఇంటర్ చదివి మా ఇంటికి వచ్చిన పిల్ల. వచ్చిన ఆరు నెలలకు ఒకరోజు, నేను మందుల చీటీ తలకిందులుగా పట్టుకుని ఉండగా చూసింది. నవ్వలేదు. "అక్కా, నీకు అక్షరాలు నేర్పనా?" అంది.

"ఈ వయసులో పలక పట్టమంటావా? వీధిలో నవ్విపోతారు."

"పలకెందుకు? నీ గ్రాఫు కాగితం తే."

ఎర్ర పెన్సిలు తీసుకుని గడులు నింపుతూ పోయింది. కాగితం నా ముందు పెట్టి "ఇదొక పువ్వనుకో. ఎన్ని గడులు?" అంది.

లెక్కపెట్టి చెప్పాను. "ముప్ఫై ఒకటి."

"అదే అ."

అలా ఒక్కో అక్షరం ఒక్కో పువ్వులా నా చేతికెక్కింది. ఏడాది తిరిగేసరికి బస్సు బోర్డు చదివాను. ఒంగోలు బస్సు అని నేను చదివి చెబితే, బస్టాండులో అందరూ చూస్తుండగా ఆ పిల్ల నన్ను వాటేసుకుంది. నేను దానికి పోగులు ముడెయ్యడం నేర్పాను. తెగిన పోగును మళ్ళీ కలిపే ముడి, మా అత్తగారు నాకు నేర్పింది. దానిది ఎడమచేతి వాటం. ఎంత చెప్పినా దాని ముడిలో కొస అటువైపు తిరిగేది. "పోనీలే, బిగువుగా ఉందిగా" అని వదిలేశాను.

అప్పట్నుంచి నాకు ఒక అలవాటు పట్టుకుంది. ఎక్కడ అక్షరం కనబడినా గ్రాఫు పుస్తకంలోకి ఎక్కించడం. సబ్బు కాగితం, ఎరువుల బస్తా, తలుపు మీద జనాభా లెక్కల వాళ్ళు రాసిన గీతలు, అన్నీ. అర్థం కాకపోయినా సరే, ఆకారం ఎక్కించేదాన్ని.

ఊళ్ళో డిజైన్లన్నీ కంప్యూటర్‌లోకి మారుతున్నాయని అది చెప్పాక ఇద్దరం చీరాల వెళ్ళి ఒక పాత కంప్యూటర్ తెచ్చుకున్నాం. షాపాయన పెట్టె మూత తీసి, అరచేతంత ఉన్న ఒక పలక చూపించాడు. దానికో చిన్న ఫ్యాను. "ఇది గ్రాఫిక్స్ కార్డమ్మా. మీ పెట్టెకి ఇది లేకపోతే తెర మీద బొమ్మే రాదు. డిజైన్ పని అన్నారుగా, కొంచెం మంచిదే వేస్తున్నా" అన్నాడు. ఆయన దాన్ని బిగించేలోపల దాని మీదున్న అక్షరాలు నా పుస్తకంలో ఎక్కించుకున్నాను.

"ఏమ్మా, పరీక్షేమన్నా ఉందా?" అని నవ్వాడాయన.

"మా అక్క అంతేనండీ, అగ్గిపెట్టె కూడా వదలదు" అంది మా తోడికోడలు.

ఆ తర్వాత ఐదేళ్ళు ఆ కంప్యూటర్ దగ్గర ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. కిందటేడు మరిది వాళ్ళు రెండు వీధుల అవతల ఇల్లు కట్టుకుని వెళ్ళారు. అది తన కోసం ఇంకో పాత కంప్యూటర్ కొనుక్కుంది. విడిగా ఉన్నా రాకపోకలు మామూలే. మా ఇంటి తాళంచెవి ఎప్పుడూ ఉండే చోటే ఉండేది, అది దానికీ తెలుసు.

నెమలి సంగతి చెప్పాలి. మేం నేసేదంతా ఒక షావుకారుకి. నూలు ఆయనదే, చీరా ఆయనదే. అప్పటిదాకా ఆయన ఏదో ఒక చీర ముక్క తెచ్చి "ఇలాగే గీయి" అనేవాడు, నేను గీసేదాన్ని. నా సొంత అంచు అంటూ ఒక్కటీ లేదు. పోయినేడు ధైర్యం చేసి అడిగితే "గీసుకురా చూద్దాం. నచ్చితే నా పద్నాలుగు మగ్గాల మీదా అదే వేస్తా, ఇది నీ అంచని అందరికీ చెప్తా" అన్నాడు. మెడ వెనక్కి తిప్పి తన పింఛాన్ని తనే చూసుకునే నెమలి. అది ఎక్కడా చూసి గీసింది కాదు. నా బతుకులో నా బుర్రలోంచి వచ్చిన మొదటి బొమ్మ అదే.

సగం అయ్యేసరికి కుడి కంట్లో పొర ముదిరింది, అయినా బొమ్మ పూర్తి చేశాకే ఆగాను. ఒంగోలులో ఆపరేషన్‌కి రోజిచ్చారు. మా ఆయన నాతో వచ్చాడు. "రెండు రోజులేగా, ఇల్లు నేను చూసుకుంటా, నువ్వు దిగులు పెట్టుకోకు" అని మా తోడికోడలే సంచీ సర్దింది.

తిరిగొచ్చేసరికి కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలి ఘాటుగా ఉంది. నల్ల కళ్ళజోడు పెట్టుకుని లోపలి గదిలోనే ఉండేదాన్ని. రోజుకు నాలుగుసార్లు కంట్లో మందు చుక్కలు వేయాలి. నాకు చెయ్యి వణికేది. మా ఆయనకి మగ్గం మీద చేసి చేసి వేళ్ళు మొరటు. మా తోడికోడలే వచ్చి వేసేది. "తల వెనక్కి పెట్టక్కా, రెప్ప కొట్టకు, ఆఁ, అంతే" అనేది. చుక్క పడ్డాక కొంగుతో చెంప తుడిచేది.

లావెక్కిన నెమలిని చూసిన రోజు మధ్యాహ్నం చుక్కలకని వచ్చినప్పుడు చెప్పాను.

"ఇదేంటే, నా నెమలి ఇలా ఉబ్బిపోయింది?"

అది తెర వంక చూసీ చూడనట్టు చూసింది. సీసా మూత తిప్పుతూ అంది. "నెమలి ఉబ్బలేదక్కా. ఇన్నాళ్ళూ నువ్వు పొరలోంచి చూశావు. ఇప్పుడు కన్ను బాగుపడింది. కనబడుతోంది చూశావూ, అదే అసలు."

నమ్మాను. నమ్మడానికి కారణం కూడా ఉంది. కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ "ఇకనుంచి తెలుపు ఇంకా తెల్లగా కనబడుతుంది, కంగారు పడకు" అని చెప్పింది. నిజంగానే మా ఇంటి సున్నం గోడ నీలం కలిపినట్టు కనబడింది. గోడ విషయంలో పాత కన్ను నన్ను మోసం చేసినప్పుడు నెమలి విషయంలో చెయ్యదా అనుకున్నాను. అంటే నెల రోజుల పనీ తప్పే. సిగ్గేసింది. రెండు రోజులు కూర్చుని నెమలిని సన్నం చేశాను. ప్రతి నాలుగు నిలువు వరసల్లో ఒకటి తీసేసి గీతలు మళ్ళీ కలిపాను. తెర మీద చక్కగా కుదిరాక పాత ఫైలు మీదే సేవ్ చేశాను. కాగితం మీద అయితే గడులు లెక్కపెట్టుకునేదాన్ని. తెరకి అలవాటు పడ్డాక లెక్క మానేసి కంటితో చూసుకోవడం నేర్చుకున్నాను. ఆ తప్పు నాదే.

అట్టలు కొట్టించడానికి చీరాల వెళ్ళాం. నేను బరువు మొయ్యకూడదని మా తోడికోడలు నాతో వచ్చింది. బస్సులో మిరప బస్తాల మధ్య నాకు ఘాటు గాలి తగలకుండా అడ్డం నిలబడింది. అట్టలు కొట్టే చోట వాళ్ళ తెర మీద నా డిజైను తెరిచినప్పుడు నేను బయట బల్ల మీద కూర్చున్నాను, లోపల దుమ్ముగా ఉందని అదే నన్ను కూర్చోబెట్టింది. లోపలికి వెళ్ళి చూసుకుని వచ్చింది. "అయిపోయింది, పదక్కా" అంది.

మా ఆయన అట్టలెక్కించి జానెడు నేశాడు. మగ్గం గుంటలోంచి కేకేశాడు.

"ఏమేవ్, ఇలా రా! ఇవి నెమళ్ళా, కరువులో కొంగలా?"

గుడ్డ మీద నెమళ్ళు పుల్లల్లా నిలబడి ఉన్నాయి.

అంతలో షావుకారు వచ్చాడు. గుడ్డ తిరగేసి, మరగేసి చూశాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఆపరేషన్ అయిందిగా తల్లీ. కొన్నాళ్ళు కన్ను కుదుటపడనీ. ఈ పని నీ తోడికోడలికి చెప్తాలే, ఆ పిల్ల చూపు బాగుంది."

"మంగళవారం దాకా నాకు వదలండి బాబూ."

"మంగళవారానికి పడుగులు ఎక్కించాలమ్మా. సరే, నువ్వూ తే, ఆ పిల్లనీ తెమ్మంటా. కుదిరిందే వేసుకుంటా."

ఆయన వెళ్ళాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గుడ్డ మీద సన్నం. తెర మీద సరిగ్గా ఉంది. గుడ్డనీ తెరనీ చూస్తున్నది ఒకే కన్ను. ఎడమ కన్ను మూసి చూశాను, కుడి కన్ను మూసి చూశాను. రెండింటికీ అలాగే ఉంది. అప్పుడు కొత్త ఫైలు తెరిచి, అడ్డం వంద గడులు, నిలువు వంద గడులు పెట్టి ఒక డబ్బా గీశాను. తెర మీద చెయ్యి ఆనించి కొలిచాను. నిలువు జానెడు. అడ్డం జానెడు మీద నాలుగు వేళ్ళు.

తెరే సాగిపోయింది. నా కన్ను కాదు.

దాన్ని కొలిచిన చెయ్యి అలాగే తెర మీద ఉంచి కాసేపు కూర్చున్నాను. ఆనందమే. కన్ను బాగానే ఉందన్న ఆనందం. ఇంకో ఆలోచన ఏదీ రాలేదు. వెంటనే మా తోడికోడలికి ఫోన్ చేశాను. "కేబుల్ వదులై ఉంటుందక్కా, తీసి పెట్టి చూడు" అంది. తీసి పెట్టాను. మారలేదు.

చీరాల షాపాయనకి చేశాను. ఆయన ఓపిగ్గా ఒక్కొక్కటీ చెప్పాడు. తెర మీద మౌసు కుడివైపు బటన్ నొక్కమన్నాడు, డిస్‌ప్లే సెట్టింగులు తెరవమన్నాడు. తెర కొలతలు మార్చే చోట పెద్ద పట్టీ ఉండాలట. నా దాంట్లో ఒకే ఒక్క వరస ఉంది. అది కూడా బూడిద రంగులో, నొక్కితే కదలదు.

"డ్రైవర్ పోయుంటుందమ్మా. కార్డు చెప్పేది కంప్యూటర్‌కి అర్థమవ్వాలంటే మధ్యలో అదుండాలి. ముందు కార్డు ఊడదీసి, దాని పళ్ళని పెన్సిలు రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టండి."

మెయిన్ ఆపి, వైర్లు పీకి, మూత విప్పాను. కార్డు తీశాను. ఇత్తడి రంగు పళ్ళు రబ్బరుతో తుడిచాను. పెట్టాను. తెర వెలిగింది. అదే సాగిన తెర. మళ్ళీ ఫోన్ చేశాను. డ్రైవర్ ఎక్కిద్దామన్నాడు ఆయన.

"కార్డు మీద ఏం రాసుందో చదవండమ్మా, దానికి తగ్గది చెప్తా."

ఇంగ్లీషు అక్షరాల పేర్లు కీబోర్డు మీదే నేర్చుకున్నాను. మళ్ళీ కార్డు ఊడదీసి ఒక్కో అక్షరం చదువుతున్నాను. మూడోది చదివేసరికి ఏదో తేడా కొట్టింది. ఆ ఆకారం నా చేతికి తెలీదు. ఫోన్ పక్కన పెట్టి పాత గ్రాఫు పుస్తకం తీశాను. ఆ రోజు షాపులో ఎక్కించుకున్న పేజీ. ఒక్కో అక్షరం పక్కన పెట్టి చూశాను. మొదటి రెండూ ఒకటే. ఆ తర్వాత ఒక్కటీ కలవలేదు.

రెండూ చదివి వినిపించాను.

"మీ పుస్తకంలో ఉందే, అది నేను వేసిన కార్డు. మీ చేతిలోది నాది కాదమ్మా. బాగా పాతది. మీ విండోస్‌కి దాని డ్రైవర్ దొరకదు, అందుకే తెర సాగదీసి చూపిస్తోంది. ఎవరన్నా మార్చారా?"

"మా ఇంట్లో ఎవరు మారుస్తారండీ?" అన్నాను.

అంటూనే పెట్టెలోకి చూశాను. లోపలి వైర్లు ఎప్పుడూ చిందరవందరగా ఉండేవి. ఇప్పుడు కార్డుకి అడ్డం రాకుండా ఒక పక్కకి లాగి, ఎర్ర నూలు పోగుతో కట్టి ఉన్నాయి. ముడి బిగువుగా ఉంది. కొస అటువైపు తిరిగి ఉంది.

షాపాయన "అమ్మా, ఉన్నారా?" అంటున్నాడు. ఉన్నానని చెప్పి పెట్టేశాను.

మర్నాడు సోమవారం. పాత కార్డుని కండెల సంచీలో వేసుకుని రెండు వీధులు నడిచాను. అది కంప్యూటర్ ముందే ఉంది. "రా అక్కా, నేనే వద్దామనుకుంటున్నా, చుక్కల టైమైంది" అని లేవబోయింది. దాని వెనక తెర మీద నా నెమలి ఉంది. సన్నం కాదు, లావు కాదు. మెడ వెనక్కి తిప్పి, నేను గీసింది గీసినట్టు.

కార్డు తీసి బల్ల మీద పెట్టాను. "ఇది నీదటగా. తెచ్చిచ్చాను."

అది కార్డు వంక చూసింది, నా వంక చూసింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. చదువుకున్నా."

కుర్చీలో మళ్ళీ కూర్చుంది. "రెండు రోజులకే అనుకున్నానక్కా. నువ్వు ఒంగోలులో ఉంటావు, వచ్చాక కూడా పది రోజులు తెర చూడవు. మంగళగిరి వాళ్ళ పని ఒప్పుకున్నా, నా కార్డు మీద రంగులు తేలట్లా. అయ్యాక మళ్ళీ పెట్టేద్దామనుకున్నా. పని తెమల్లేదు."

"అడిగితే ఇచ్చేదాన్నిగా."

"తెలుసు."

"మరి నా కన్ను మీదకెందుకు నెట్టావు?"

"ఆ పూట నోటికేదొస్తే అదన్నా. నువ్వు నమ్మేశావు. తర్వాత ఎలా చెప్పాలో తెలీలా."

"అట్టలు కొట్టించేటప్పుడు లోపలికెళ్ళి చూశావుగా. నెమలి సన్నంగా ఉందని నీకు కనబడలేదా?"

"కనబడింది."

"మరి ఇదేంటి?" అని తెర చూపించాను.

"షావుకారు తెమ్మన్నాడు. పాత ఫైలు నా పెన్‌డ్రైవ్‌లో ఉంది. నీకెలాగూ కుదరదేమో అని…" ఆగిపోయింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నీకెప్పటికీ తెలీదనుకున్నా అక్కా."

కార్డు తీసుకుపోయిన సంగతి నేను ఈపాటికి మర్చిపోయి ఉండేదాన్ని. అబద్ధం కూడా, భయపడి ఆడింది అనుకుందును. ఈ మాట మాత్రం మర్చిపోలేకపోతున్నాను. నాకు అక్షరాలు నేర్పిన మనిషి, నాకు ఎప్పటికీ తెలీదని అనుకుంది.

"నా కార్డు ఇప్పించు" అన్నాను. మూత విప్పి అదే ఊడదీసింది. దాని తెర నల్లబడింది. నెమలి పోయింది. పెన్‌డ్రైవ్ కూడా ఇవ్వబోయింది. వద్దన్నాను.

ఇంటికొచ్చి కార్డు బిగించాను. మొదట తెర నల్లగానే ఉండిపోయింది. కేబుల్ పెట్టాల్సిన చోట కాకుండా పక్కదాంట్లో పెట్టానని షాపాయన ఫోన్లో చెప్పాక సర్దాను. రెండుసార్లు ఆపి వేశాక తెర ఒక్కసారి మినుక్కుమని, అక్షరాలు చిన్నవై, పదునుగా వచ్చాయి. డబ్బా మళ్ళీ కొలిచాను. అడ్డం జానెడు, నిలువు జానెడు. అప్పుడు నెమలి ఫైలు తెరిచాను. గుడ్డ మీద ఉన్న కొంగే తెర మీదా ఉంది.

తీసేసిన వరసలు ఒక్కొక్కటే మళ్ళీ పెట్టాను. ఎక్కడెక్కడ తీశానో నాకు గుర్తే. ఈసారి ప్రతి గడీ నోటితో లెక్కపెట్టాను. మా ఆయన మగ్గం ఆపి వచ్చి పక్కన నిలబడ్డాడు. "అది ఏదీ, రాలేదే ఈ పూట?" అని అడిగాడు. పనుందట అన్నాను. ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే తమ్ముడి ఇంటికి వెళ్ళకుండా ఆగిపోతాడు.

మంగళవారం పొద్దున్నే నేనొక్కదాన్నే చీరాల వెళ్ళి, లోపల దుమ్ములో నిలబడి, అట్టలు కొట్టేటప్పుడు చూసుకున్నాను. మధ్యాహ్నానికి మా ఆయన నేసిన జానెడు గుడ్డ షావుకారు ముందు పరిచాను. తోడికోడలు ఏమీ పంపలేదని చెప్పాడు. గుడ్డ మీద చెయ్యేసి రాస్తూ "కన్ను కుదుటపడిందన్నమాట" అన్నాడు.

"కన్ను మొదట్నుంచీ బాగానే ఉందండీ" అన్నాను.

నా అంచు ఇప్పుడు పద్నాలుగు మగ్గాల మీద నడుస్తోంది. వీధిలో పోతుంటే ఏ ఇంట్లోంచైనా అట్టలు తిరిగే చప్పుడు వినబడితే అది నా నెమలేనని తెలుసు. ఆ సంగతి మొట్టమొదట ఎవరికి చెప్పాలనిపిస్తుందో, ఆ మనిషికి చెప్పలేను.

అది ఇప్పటికీ వస్తుంది. చింతకాయ పచ్చడి తెస్తుంది, గుమ్మంలో కూర్చుంటుంది, నేనూ మాట్లాడతాను. తాళంచెవి మాత్రం ఇప్పుడు నా కొంగుకే ఉంటుంది. పెట్టెలో ఎర్ర పోగు కోసేసి నా ముడి వేశాను.

సోమవారం అక్కణ్ణుంచి వచ్చాక ఆ పూట చుక్కలు నేనే వేసుకున్నాను. అద్దం గోడకి ఆనించి, తల వెనక్కి పెట్టి, రెప్ప కొట్టకుండా ఉండాలని నాకు నేనే చెప్పుకుంటూ. మొదటి చుక్క ముక్కు మీద పడింది, రెండోది చెంప మీద. మూడోది కంట్లో పడింది. ఎడమ కంటి ఆపరేషన్‌కి మిరప కళ్ళాలు ఖాళీ అయ్యాక రమ్మన్నారు. అప్పటికి చెయ్యి కుదరాలని, మంచినీళ్ళ చుక్కలతో రోజూ వేసుకుని చూస్తున్నాను.